నూరు కోట్ల ఏడు

కరెంటు పోయిందని కుమిలిపోయేవాళ్లను చూస్తే నాకు జాలి. కరెంటుదేముందండీ, ఇవాళ వస్తుంది, రేపు పోతుంది. ఫిర్యాదు నంబరు అలా కాదు. అది శాశ్వతం!

మా దూలయ్యనే చూడండి. దుమ్ముగూడెం దారిలో రెండెకరాల మిరపతోట. సరిగ్గా పూత మీద ఉండగా ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. పక్కనే గోదారి పారుతున్నా, మోటారు తిరగందే మొక్కకు చుక్క నీరందదు. కరెంటాఫీసుకు ఫోన్ చేస్తే మనిషి రాలేదు గానీ, సెల్లుకు నంబరొచ్చింది: 1000000007. నూరు కోట్ల ఏడు!

ఒక్క రామకోటి రాయడానికే మనబోటివాళ్లకు జన్మ చాలదు. అలాంటిది నూరు రామకోట్లు, పైన ఏడుకొండలు, అన్నీ ఒక్క మెసేజ్‌లో! దూలయ్య సెల్లును కళ్లకద్దుకున్నాడు.

కూతురు భార్గవి బడిలో లెక్కల టీచరు. ఆ నంబరును కంప్యూటర్‌లో కొట్టి చూసి, "బాపూ, ఇది ప్రధాన సంఖ్య!" అంది.

దూలయ్య కండువా సర్దుకుని భార్యను పిలిచాడు. "విన్నవా సుబ్బరత్నం? అందరివి మామూలు ఫిర్యాదులు. మనదే ప్రధానమట! జల్దీ వస్తరు, ఛాయ్ పెట్టు."

"గట్ల కాదు బాపూ. ఒకటితోని, మళ్ల దానితోని తప్ప దేనితోనీ భాగం పోదు."

"గందుకే డివిజన్ ఆఫీసోళ్లు ముడతలేరు," అంది సుబ్బరత్నం పొయ్యి దగ్గర్నుంచే. "డివిజనే కాని నంబరాయె!"

అయినా దూలయ్య ఊరుకున్నాడా? ఆఫీసుకే వెళ్లి, "మాది ప్రధానమైంది సార్," అన్నాడు.

సారు కంప్యూటర్ చూశాడు. "ప్రధానమైందేనయ్యా, కాదన్ననా? గందుకే అందరికన్నా ముందుగాల క్లోజ్ చేసినం!"

"ట్రాన్స్‌ఫార్మర్ రాలే గద సార్?"

"రాకపోతే కొత్తగ ఫిర్యాదు పెట్టుకో."

కొత్త నంబరొచ్చింది: 1000000008. భార్గవి లెక్కేసింది. రెండు, మూడు, నాలుగు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది... పదిలోపు ఐదు తప్ప దేనితో భాగించినా పోతోంది! దూలయ్య సంబరానికి అంతు లేదు. "ఇగ తలా ఒక చెయ్యి ఏస్తరు!"

వేశారు, మరి వేయరా? సెక్షన్ ఆఫీసు డివిజన్‌కు పంపింది. డివిజన్ స్టోరుకు పంపింది. స్టోరు, పైనుంచి మంజూరు కావాలంటూ మళ్లీ సెక్షన్‌కే పంపింది. ఎవరి భాగం వారు భక్తిగా పుచ్చుకున్నారు. ఇంతకన్నా లెక్క తప్పని యంత్రాంగం ఏ రాజ్యంలోనైనా ఉందా, చెప్పండి!

ఆ మధ్యలో పూత రాలిపోయింది.

మొన్న ఎండిన చాళ్ల మధ్య దూలయ్య కనిపించాడు. దిగుబడి ఎంతని అడిగాను.

"సున్నా," అన్నాడు. "మా బిడ్డనడిగిన అన్నా. ఈ సున్నాను ఏ డివిజన్‌ల పెట్టినా పోతదట. శేషమే ఉండదట."