గీతకు ఇవతల వన్నూర్బీ

భారత నెట్‌బాల్ జట్టుకు వింగ్ డిఫెన్స్ ఆడి సింగపూర్ నుంచి తిరిగొచ్చిన వన్నూర్బీకి ఒంటి మీది బిబ్బు ఊడి రాలేదు. దాంతో ఆట నిబంధనల ప్రకారం గుత్తేరు పట్టణంలో మూడో వంతు ఆమెకు మూతపడింది. మునిసిపల్ ఆఫీసు వాళ్లు ఈ సంగతిని కుళాయి నీళ్ల వేళల మార్పుతో కలిపి ఆటో మైకులో చెప్పించారు. జనం నీళ్ల వేళలు ఇంకోసారి చెప్పమన్నారు.

నెట్‌బాల్ ఏడుగురు ఆడే ఆట. బంతిని పట్టుకుని నడవకూడదు. చేతికందిన మూడు సెకన్లలో ఇంకొకరికి ఇచ్చెయ్యాలి. ఎవరు ఎక్కడ తిరగాలో ఛాతీ మీద, వీపు మీద అక్షరాలుంటాయి. చొక్కా మీద తొడిగే ఆ అక్షరాల గుడ్డనే బిబ్బు అంటారు. కోర్టును అడ్డంగా మూడు భాగాలు చేస్తారు. వింగ్ డిఫెన్స్ పిల్ల తన వైపు భాగంలోనూ నడిమి భాగంలోనూ ఎంతైనా పరుగెత్తవచ్చు. తన జట్టు గోల్ వేసే అవతలి భాగంలోకి మాత్రం పోకూడదు. రింగు ముందుండే సర్కిల్లో ఏ వైపునా అడుగు పెట్టకూడదు.

వన్నూర్బీ తండ్రి ఖాసీం సాయిబు పరుపులు కుట్టేవాడు. ఇంట్లో అటక మీదికి దూది మూటలు విసరడం చిన్నప్పటినుంచీ ఆమె పని. మూట ఎక్కడ పడాలంటే అక్కడే పడేది. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు తిప్పేస్వామి సారు ఆ పిల్ల పొడుగు చూసి నెట్‌బాల్‌కు పిలిచాడు. రింగులో బంతి వేయడంలో ఆమెకు సాటి లేరని అదే రోజు తెలిసింది. కానీ గోల్ వేసే షూటర్ బిబ్బు అప్పటికే ఎవరో పెద్దమనిషి కూతురికి ఇచ్చేశారు.

"ఇప్పటికి ఈ వింగ్ డిఫెన్స్ తొడుక్కోమ్మా, ముందుముందు మారుద్దాం" అన్నాడు సారు.

స్కూల్లో ఏది ఆడిందో జిల్లా జట్టులో అదే ఇచ్చారు. జిల్లాలో ఆడిందే రాష్ట్ర జట్టులో ఇచ్చారు. దేశం జట్టుకు వెళ్లేసరికి ఇక అడగాల్సిన అవసరం ఎవరికీ కనబడలేదు.

ఆమె తిరిగొచ్చిన మర్నాడు ఊరిలో తెల్లటి గీత కనబడింది. అది ముగ్గూ కాదు, సున్నమూ కాదు. కూరగాయల మార్కెట్ మీదుగా సాగి, ఒక దర్జీ కొట్టును మిషను దగ్గర రెండు చేసి, ఎవరింట్లోనో పడుకున్న ముసలాయన మంచం కిందనుంచి పోయింది. ఎండలో అది నీళ్లలా వణికేది. సాయంత్రం పాలలా మెరిసేది. మేకలు దాటి వెళ్లి మేసి వచ్చేవి. అవతలి భాగంలో కాలేజీ, కలెక్టరాఫీసు, కొత్త స్టేడియం ఉన్నాయి. ఇవతల కూడా ప్రతి కూడలినీ సర్కిల్ అనే పిలుస్తారు కాబట్టి వన్నూర్బీ సందుల్లోంచే తిరిగేది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ఎదురైతే మర్యాదగా పక్కకు తప్పుకునేది.

గడియారం సర్కిల్లో ఆమెకు సన్మానం జరిగింది. ఆమె రాలేదు కనుక దండ కుర్చీకి వేశారు. చైర్మన్‌గారు కుర్చీని చూస్తూ, ఈ బిడ్డను చూసి మన ఆడపిల్లలందరూ హద్దులు దాటాలని చెప్పాడు. పక్క సందులో నిలబడి వింటున్న వన్నూర్బీ అందరితోపాటు చప్పట్లు కొట్టింది.

తర్వాత క్రీడాకారుల కోటాలో ఉద్యోగపు ఆర్డరు వచ్చింది. కలెక్టరాఫీసులో జూనియర్ అసిస్టెంట్. స్వయంగా వెళ్లి చేరాలి. ఆమె కొత్త చుడీదార్ వేసుకుని, దాని మీద ఎప్పటి బిబ్బుతో, ఆర్డరు కవరు పట్టుకుని గీత దాకా నడిచింది. కాసేపు నిలబడింది. తర్వాత కుడికాలు అవతల పెట్టింది.

ఈల మోగింది. ఎవరి నోట్లోంచీ రాలేదు. నిద్రలో వినబడే రైలు కూతలా మెత్తగా, చాలా ఎత్తునుంచి వచ్చింది. బస్సులు ఆగాయి. టీ గ్లాసులు పెదవుల దగ్గర ఆగాయి. ఒక పావురం రెక్కలు చాపి అలాగే గాలిలో నిలబడింది. "ఆఫ్‌సైడు" అన్నారెవరో, వాన మొదలైందన్నట్టు. ఆఫ్‌సైడ్ అయితే చేతిలో ఉన్నది ఎదుటి పక్షానికి పోతుంది. ఎదురుగా సోడా బండి దగ్గర ఓబులేసు అనే అతను నిమ్మకాయ పిండుతున్నాడు. కవరు ఇప్పుడు అతని చేతిలో ఉంది. లోపల పేరు కూడా ఓబులేసు అనే ఉంది.

"నేనేం చెయ్యలేదమ్మా. నా చేతికొచ్చింది" అన్నాడతను కంగారుగా.

"తెలుసులేన్నా. పొద్దుపోతాంది, పోయి చేరుకో."

"నేనెప్పుడూ బంతి కూడా పట్టలేదే!"

"వాళ్లడగరులేన్నా."

అడగలేదు. ఓబులేసు బుద్ధిగా పని చేసుకున్నాడు. ఆ ఏడాది ఉత్తమ క్రీడాకారుడి శాలువా అందుకుంటూ వన్నూర్బీ ఉన్న దిక్కుకు దండం పెట్టాడు.

షూటర్ బిబ్బు ఇప్పించమని ఆమె క్రీడా సంఘానికి వెళ్లి అడిగింది. సంఘం ఆఫీసు నడిమి భాగంలోనే ఉంది. కార్యదర్శి కాఫీ తెప్పించాడు.

"తప్పకుండా మార్చుకోవచ్చమ్మా. సర్కిల్లో నిలబడి గోల్స్ వేసి చూపించాలి, అంతే."

"నేను సర్కిల్లోకి పోకూడదు కదా సార్."

"అందుకే ముందు బిబ్బు మార్చుకోవాలి."

"గోల్స్ వేస్తేనే కదా సార్, బిబ్బు మారేది?"

"సరిగ్గా అర్థం చేసుకున్నారు" అని ఆయన సంతోషించాడు. చాలామందికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చేదట.

ఆమె ఆడుతూనే ఉంది. కొలంబోలో ఆడింది, కౌలాలంపూర్‌లో ఆడింది. జట్టుకు కెప్టెన్ అయింది. ఎదుటివాళ్ల బంతుల్ని గాలిలోనే కోసేసి, మూడు సెకన్లలోపే ఇంకొకరికి అందించేది. గోల్ వేసిన పిల్లల ఫొటోలు పేపర్లో పడేవి. వెనకాల మసకగా ఆమె మోచేయి ఉండేది.

ఒక సాయంత్రం ఆమె బంతి తీసుకుని మార్కెట్ దగ్గర గీత పక్కన నిలబడింది. స్టేడియం అక్కడికి కనబడదు. ఆమె కళ్లు మూసుకుని మోకాళ్లు కొద్దిగా వంచి, అటక మీదికి మూట విసిరినట్టు విసిరింది. బంతి మేడలు దాటింది, నీళ్ల ట్యాంకు దాటింది. పైన ఎండ ఇంకా ఉండటంతో పండులా ఎర్రబడింది. అది పోతూనే ఉంది. జనం కూరగాయలు బేరం చేసి, చిల్లర తీసుకుని, మళ్లీ తలెత్తి చూశారు. చివరికి స్టేడియంలో రింగు అంచు కూడా తాకకుండా వలలోంచి జారింది. ఆ చప్పుడు ఊరంతా విన్నది. తన చేతుల్లో ఏ బరువూ లేదనిపించి వన్నూర్బీ నవ్వింది.

అప్పుడు ఈల మోగింది. వింగ్ డిఫెన్స్ వేసిన గోల్ చెల్లదు.

"ఏసింది బాగనే ఏసింది గాని" అంటూ జనం సంచులెత్తుకున్నారు. ఆమె ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకుంది.

పొద్దున్నే తల్లి మాబున్ని కొంగు దోపుకుని లేపింది. "లెయ్ మే. బంతి ఆడనే పడుంటాది, తెచ్చుకుందాం."

ఇద్దరూ గీత దాకా వచ్చారు. వన్నూర్బీ ఆగింది. మాబున్ని కూడా ఆగింది.

"నీకు బిబ్బు ల్యా కదమ్మా. నువ్వు పో."

మాబున్ని అవతలికి చూసింది. "ఆ పక్క యాడ ఏముండాదో నాకేం తెలుసు మే? నేనెప్పుడూ పోలా."

"ఈ ఊర్లోనే పుట్టినావు కదా!"

"పుట్న్యా."

"పోతాంటే ఎవరన్నా ఈల ఏసినారా?"

మాబున్ని నిజంగానే గుర్తు చేసుకోడానికి ప్రయత్నించింది. "లేదు. ఎవురూ ఎయ్యలా. నేనే పోలా."

మార్కెట్లో ఆడవాళ్లు బుట్టలతో, బిందెలతో వస్తున్నారు. గీత దగ్గరికి రాగానే, అక్కడొక గోడ మలుపు ఉన్నట్టు పక్కకు తిరిగి పోతున్నారు. ఎవరూ కిందికి చూడటం లేదు. మాట్లాడుకుంటున్నవాళ్లు మాట కూడా ఆపడం లేదు. వన్నూర్బీ వాళ్లను చాలాసేపు చూసింది.

"నువ్వు పొయ్యొచ్చిన దేశాల్లో ఎట్లుండాది?" అని అడిగింది మాబున్ని. "ఆడ ల్యాదా ఈ గీత?"

"అన్ని చోట్లా ఉందమ్మా. కొన్ని ఊర్లల్లో రంగు వేరే."

మాబున్ని మొహం తేటపడింది. అంత దూరం పోయి బిడ్డ మంచి కబురే తెచ్చినట్టు, "అయితే ఇంకేం, పా" అంది. కూతురి వీపు మీద బిబ్బు ముడత పడితే అరచేత్తో సాపు చేసింది. ఇద్దరూ మిగతా ఆడవాళ్ల వెనకాల మలుపు తిరిగారు.