పందిరి యాడేద్దాం?

ఆ రోజు తిమ్మప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లారగానే వేరుశనగ చేనికి పోవడం, గాలిలోకి తుపాకి కాల్చి అడవి పందులను తోలడం, ఇంటికొచ్చి స్నానం చేసి, కూతురు రేఖను చూడ్డానికి పామిడి నుంచి వచ్చే పెద్దవాళ్ల ముందు ఇస్త్రీ చొక్కాతో కూర్చోవడం. ఇంతకుముందు వచ్చిన సంబంధాలన్నిటికీ రేఖ మూతి ముడిచింది. ఈ పెళ్లికొడుకు రాఘవేంద్ర ఫొటోను మాత్రం ఎవరూ చూడడం లేదనుకుని మళ్లీ మళ్లీ చూసుకుంది. ఆ సంగతి ఇల్లంతటికీ తెలుసు. ఇది తప్పిపోకూడదని తిమ్మప్ప గుర్తొచ్చిన దేవుడికల్లా మొక్కుకున్నాడు.

ఇక చెవుల సంగతి. ఏళ్ల తరబడి ఆ జోడుగొట్టాల తుపాకి కాల్చీ కాల్చీ ఆయన చెవుల్లో ఎప్పుడూ కీచురాళ్లు అరుస్తుండేవి. కదిరిలో చెవుల డాక్టరు మొహం మీదే చెప్పాడు, ఈ మోతకు పోయిన వినికిడి ఏ మందుకూ తిరిగి రాదని. పసుపు రంగు స్పాంజి బిరడాలు కూడా ఇచ్చాడు. వేళ్లతో సన్నగా నలిపి చెవిలో దూరిస్తే లోపల ఉబ్బి గట్టిగా కూర్చుంటాయి.

"పందుల్ని జూసి తిమ్మప్ప చెవులు మూసుకున్యాడంటారే ఊర్లో," అని గొణిగాడు తిమ్మప్ప.

"అననీ. నేను పిలిస్తే పలకాలంటే నీకు చెవులుండాల గదా," అంది భార్య ఇంద్రాణి.

పెళ్లాం మాట కాదనలేక, ఊరి నవ్వు భరించలేక, మహానుభావుడు మధ్యేమార్గం కనిపెట్టాడు. ఆ ఉదయం బిరడాల కొసలు బయటికి కనబడకుండా కత్తెరతో కత్తిరించి, మిగిలిన ముక్కలను లోపలికంటా నొక్కేశాడు.

కాల్చడం బాగానే జరిగింది. పందులు పోయాయి. బిరడాలే రాలేదు. పట్టుకుని లాగడానికి కొస ఉంటే కదా. వేలితో కెలికేకొద్దీ ఇంకా లోపలికి జారాయి. అలాగే ఇల్లు చేరేసరికి వాకిట్లో జీపు నిలబడి ఉంది. పామిడివాళ్లు చల్లపొద్దునే బయల్దేరి, చెప్పిన వేళకంటే ముందే దిగారు. నడవలో మంచం మీద పెళ్లికొడుకు తండ్రి సుంకప్ప, పక్కనే సుంకప్పను కన్నతల్లి, ముసలి తిమ్మక్క. ఇంద్రాణేమో వంటింట్లో చుయ్యిమంటున్న బజ్జీల బాణలి ముందుంది. లైసెన్సు తుపాకిని ఎక్కడంటే అక్కడ పెట్టకూడదు కాబట్టి తిమ్మప్ప దాన్ని ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాడు. అందులో తూటాలు లేవని ఆయనకు తెలుసు, వచ్చినవాళ్లకు తెలియదు. పిల్ల తండ్రికి చెవుడని అనుకుంటే సంబంధం చెడుతుందని భయపడి, పెదాలు చూసి నెట్టుకొద్దామనుకున్నాడు.

సుంకప్ప గొంతు సవరించుకున్నాడు. "పిల్లను ఫొటోలోనే ఒప్పుకున్యాంలే అన్నా. పెండ్లి పందిరి ఈడేద్దామా, మా ఊర్లో ఏద్దామా?"

తిమ్మప్పకు అందినవి 'పంది', 'ఈడ', 'ఏద్దామా' అన్న మూడు ముక్కలే. ఆ సీమలో పందిరినీ వేస్తారు, ప్రాణమున్నదాన్నీ వేసేస్తారు, మాట ఒకటే. వియ్యంకుడూ సేద్యగాడే కనక పందుల బాధ చెప్పుకుంటున్నాడనుకున్నాడు. తన గొంతు తన తలలోనే బిందెలో మాట్లాడినట్టు మోగుతుంటే, అరుస్తున్నానేమోనని బాగా తగ్గించాడు. "ఆడా ఈడా అనేదేముండాదప్పా. యాడ దొరికితే ఆడ ఏసేసేదే."

ఒళ్లో తుపాకి ఉన్న మనిషి అరిస్తే సర్దిచెప్పవచ్చు. మెల్లగా మాట్లాడితే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. సుంకప్ప మాట మార్చాడు. "మావోళ్లు రొంత ఎక్కువగానే వస్తారు మరి."

"రానీ. మందకు మంద రానీ. దారిలోనే కాసుకోనుంటా."

"మా అమ్మ ముసల్ది. పందిట్లో ముందర కూసోవల్లని ఆశ పడతాండాది."

'పంది', 'ముసల్ది', 'ముందర'. తన చేనిని తవ్వే ఆ ముసలి ఆడపంది సంగతి పామిడిదాకా పాకిందని తిమ్మప్ప మురిసిపోయాడు. "ఆ ముసల్ది నాకు బాగా తెల్సు. తినీ తినీ బలిసిండాది. ముందర దాన్ని ఏసేస్తే, మిగిల్నవి ఈ దిక్కుకే రావు."

సుంకప్ప దిగ్గున లేచాడు. పోయొస్తామన్న పెదాలు తిమ్మప్పకు తెలిశాయి కానీ, ఎందుకు పోతున్నారో తెలియలేదు. కంగారులో తుపాకితో సహా లేచి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "తినకుండా ఈన్నుంచి ఎవురూ కదిలేది ల్యా," అన్నాడు, అంతే మెల్లగా. లోపల తలుపు వెనక రేఖ వెక్కివెక్కి ఏడవసాగింది.

బజ్జీల పళ్లెంతో వచ్చిన ఇంద్రాణికి ఏమీ అర్థం కాలేదు. "మా యమ్మను ఏసేస్తాడంటమ్మా మీ ఆయన," అన్నాడు సుంకప్ప. ఆమె మొగుడి చెవుల్లోకి చూసింది, తల పట్టుకుంది. "చెవుల్లో బిరడాలుండాయన్నా. మీ మాట వినపడక పందుల మాట చెప్తాండాడు."

"ఓహో, చెవుడా. ముందే చెప్పల్ల కదమ్మా."

"చెవుడు ల్యా. రాకూడదనే పెట్టుకున్యాడు."

సుంకప్పది నమ్మే మొహం కాదు. అప్పుడు తిమ్మక్క లేచింది. తిమ్మప్ప చెవి పట్టి వెలుతురు వైపు తిప్పి, వక్కాకు సంచిలోంచి ముళ్లు తీసే పట్టకారు తీసి, రెండు ముక్కలనూ పీకి కొడుకు చేతిలో పెట్టింది.

"మీ నాయనా పందులకు తుపాకి కాల్చేటోడే కదరా," అంది కొడుకుతో. "ఏమీ పెట్టుకోలే. నడిఈడుకే చెవులు పోయినాయి. ఆ మనిషికి ఒక్క మాటన్నా మెల్లగా చెప్పుకోలే నేను. కష్టమైనా సుఖమైనా వీధంతా వినేటట్ల అరిచిందే. పోయేటప్పుడు ఏందో అడిగినాడు, నేను చెప్పింది ఆయనకు చేరనే ల్యా." కొడుక్కి మంచం చూపించింది. "పెండ్లాం మాట వినల్లని చెవులు కాపాడుకునే ఇల్లు ఇది. ఈడ పెరిగిన పిల్లే మనకు కావల్ల. కూసో."

లోపల ఏడుపు టక్కున ఆగింది. తిమ్మప్పకు కళ్లు చెమర్చాయి. అంతలో తాను ఎవరి ముందు ఏమన్నాడో తెలిసొచ్చి చేతులు జోడించాడు. "ఆ మాట నిన్ను గాదు తల్లీ."

"అప్పుడే అనుకున్యాలే. బలిసిండాదంటివి, నేను బక్కదాన్ని," అంది తిమ్మక్క.

ఆ పూటే తాంబూలాలు మార్చుకున్నారు. పెళ్లి అయిపోయేదాకా సుంకప్ప మాత్రం పందిరి అన్న మాట మళ్లీ ఎత్తలేదు, షామియానా అన్నాడు.