దయచేసి లైన్లో ఉండండి

ఆ రోజు పొద్దున్న చెదలబాబు వేసుకున్న పథకం చాలా చిన్నది. మామగారు వచ్చేసరికి ఆఫీసు ఆఫీసులా కనబడాలి. అంతే.

చెదలబాబు అసలు పేరు ఇంట్లోవాళ్ళే మరిచిపోయారు. చీమలకు, చెదలకు, నల్లులకు మందు కొట్టించే ఆఫీసు తెరిచిన రోజునే ఈ పేరు అతుక్కుంది. ఆఫీసంటే ముందు ఒక గది, వెనక మందు డబ్బాలుండే పెరడు, ఫోను దగ్గర అతని భార్య. కస్టమర్లు మాత్రం లేరు. కిందటిసారి వచ్చినప్పుడు మామగారు ఖాళీ గదిని కలియజూసి, "మళ్ళీ వచ్చేసరికీ ఇలాగే ఉంటే దీనికి తాళం వేసెయ్ అల్లుడూ. నా గిన్నెల దుకాణంలో నా కళ్ళముందే ఉందువుగాని" అన్నారు. ఆ కళ్ళముందు ఉండటమనే మాట తలుచుకుంటేనే బాబుకి చెమటలు పడతాయి. మామగారు మంచివారే. కాకపోతే, ఎదుటివాడు మంచినీళ్ళు తాగుతున్నా అలా కాదు ఇలా అని నేర్పే మంచితనం ఆయనది.

అందుకే, తాను దూర కంత లేదు మెడకో డోలు అన్నట్టు, ఆ ఒక్క గదికి నాలుగు ఫోన్ల ఇంటర్‌కామ్ తెప్పించాడు. పెరట్లో పనివాళ్ళను పిలవడానికి ఒక మైకు, ఫోన్ చేసినవాళ్ళు ఆగాల్సి వస్తే వినడానికి భార్య గొంతుతో రికార్డింగు, కరెంటు పోయినా ఏదీ ఆగకుండా పెద్ద బ్యాటరీ కూడా ఉన్నాయి.

బిగించడానికి మెకానిక్ వచ్చాడు.

"మైకు ఎక్కడ పెట్టమంటారు సార్?"

"బయట పెట్టవయ్యా."

బాబు దృష్టిలో బయట అంటే పెరడు. మెకానిక్ దృష్టిలో బయట అంటే బయటే. వీధి గుమ్మం మీద అందనంత ఎత్తున, రోడ్డు వైపు తిప్పి మరీ బిగించాడు. పైగా వైర్లన్నీ ఒకే రంగులో ఉండటంతో, రికార్డింగు వైరు తీసుకెళ్ళి మైకుకు కలిపేశాడు. ఎవరూ కెలక్కుండా ఇంటర్‌కామ్ పెట్టెనీ బ్యాటరీనీ ఇనప బీరువాలో పెట్టి తాళం వేసి, నిచ్చెన భుజాన వేసుకుని ఇంకో పనికి వెళ్ళిపోయాడు. తాళంచెవి అతని జేబులోనే వెళ్ళిపోయింది.

అతను మలుపు తిరిగాడో లేదో, గుమ్మం మీద మైకు మాట్లాడటం మొదలెట్టింది.

"దయచేసి లైన్లో ఉండండి. మీ వంతు రాగానే పిలుస్తాం."

బాబు భార్య గొంతు తియ్యగా ఉంటుంది. అంత తియ్యగా అడిగితే కాదనడం ఎవరికైనా కష్టమే. రోడ్డున పోతున్న ఒక పెద్దావిడ ఆగి, గుమ్మం పక్కన నిలబడింది. ఆవిడ వెనక ఒకాయన నిలబడ్డాడు. ఇద్దరు నిలబడ్డాక మూడోవాడు ఎందుకని అడగడు, ఎక్కడ నిలబడాలని అడుగుతాడు.

"ఏమిస్తున్నారండీ?"

"తెలీదమ్మా. ముందు నిలబడండి, తర్వాత అదే తెలుస్తుంది."

"అయితే మా ఆయన్ని కూడా పిలుచుకొస్తా. నా చోటు కాస్త చూస్తుండండి."

బాబు పరిగెత్తుకెళ్ళి మెయిన్ స్విచ్ కట్టేశాడు. ఫ్యాను ఆగింది, లైటు ఆరింది. మైకు ఆగలేదు.

"ఆగకూడదనేగా అంత బ్యాటరీ పెట్టించారు" అంది భార్య.

మెకానిక్ షాపుకి ఫోన్ చేశాడు. అటువైపు నుంచి ఎవరో అమ్మాయి, "దయచేసి లైన్లో ఉండండి" అంది.

భార్యే గుమ్మంలోకి వెళ్ళి బతిమాలింది. "ఇక్కడేమీ ఇవ్వట్లేదండీ. దయచేసి వెళ్ళిపోండి."

"దయచేసి లైన్లో ఉండండి" అంది నెత్తిమీద నుంచి అదే గొంతు.

"ఇదేం చోద్యమమ్మా! ఒకే నోటితో ఉండమంటావు, వెళ్ళమంటావు!" అని నిలదీసింది పెద్దావిడ.

"లేదంటున్నారంటే ఏదో గట్టిదే ఉంది" అన్నాడు వెనకాయన. ఆ మాట చివరికి చేరేసరికి ఇళ్ళు పంచుతున్నారట అని మారింది. లైను సందు దాటింది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది బాబు పని. ఖాళీ ఆఫీసును చూస్తే మామగారు తాళంతో సరిపెట్టేవారు. ఈ రభస చూస్తే ఊరుకుంటారా? పైగా ఆయన వస్తానన్న వేళ దాటిపోయింది. మామగారు ఆలస్యం చేసే మనిషి కాదు. బాబుకి భయం ఇంకా పెరిగింది.

ఇక దాచి లాభం లేదని పెద్దావిడతో నిజం చెప్పేశాడు. "అమ్మా, మా దగ్గర దొరికేది చీమల మందొక్కటే."

ఇంతసేపు నిలబడి ఆవిడ ఉత్తచేతులతో ఇంటికెలా వెళ్తుంది?

"మా వంటింట్లో చీమలున్నాయి నాయనా. రాసుకో."

వెంటనే వెనకాయనకి నల్లులు గుర్తొచ్చాయి. ఆ వెనకాయనకి చెదపట్టిన తలుపు గుర్తొచ్చింది. అసలు చీమలు లేని ఇల్లెక్కడుంటుంది? బాబు బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాడు, భార్య ఫోన్లో పనివాళ్ళను పురమాయిస్తోంది. బాబుకి పట్టరాని సంతోషం. మామగారు వస్తే రానీ అనుకుంటూ తలెత్తేసరికి, ఎదురుగా ఆయనే. చెమటతో తడిసిపోయి, చేతిరుమాలు నెత్తిన కప్పుకుని, తన వంతు వచ్చినందుకు ఒక అడుగు ముందుకేశారు.

"మామయ్యగారూ! మీరు లైన్లోనా?"

"ఏం చెయ్యమంటావయ్యా? మా అల్లుడి ఆఫీసని ముందుకొస్తుంటే, అందరం ఎవరికో ఒకరికి మామలమే, వెనక్కెళ్ళమని నెట్టేశారు. పైగా మా అమ్మాయి గొంతే లైన్లో ఉండమంటోంది. దాని మాట నేనెప్పుడైనా కాదన్నానా?"

బాబు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మామగారు వెనక్కి తిరిగి ఆ లైనుని చివరిదాకా చూశారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"దీన్ని మూసెయ్యమన్న నోరు నాదేనా? మూసెయ్యాల్సింది నా దుకాణం. పొద్దస్తమానం ఈగలు తోలుకుంటున్నా."

బాబు గాల్లో తేలిపోయాడు. భార్య తండ్రి చెయ్యి పట్టుకుని నవ్వేసింది.

"కానీ ఇంతమందిని నువ్వొక్కడివే ఎలా చూసుకుంటావు? రేపే దుకాణం కట్టేసి వచ్చేస్తా. ఇకనుంచి రోజూ నీ పక్కనే ఉంటా" అంటూ ఆయన బల్ల వెనక్కి వెళ్ళి కూర్చున్నారు. "నిలబడ్డావేం అల్లుడూ? కూర్చో. నీ ఆఫీసే కదా."

బల్ల వెనక ఉన్న కుర్చీ ఒక్కటే.