మూడు కడుపుల నడక

ఆ పొద్దు పుల్లమ్మ అనుకున్నది చాలా చిన్న పని. కడుపుతో ఉన్న కోడలు చెంచమ్మని చేల మధ్య దొంక దారి చివర మిరపకళ్ళం దాకా నడిపించి, ఎండెక్కకముందే ఇంటికి తెచ్చి జొన్నజావ తాగించడం. అంతే. దానికి ఊరంతా తన వాకిట్లోకి వచ్చి పడుతుందని ఆమెకేం తెలుసు?

సాగర్ కాలవ ఆ చేలకి ఇంకా రాని రోజులు. పెళ్ళయిన ఎన్నేళ్ళకో నిలిచిన కడుపని పుల్లమ్మ కోడల్ని మంచం దిగనివ్వలేదు. పొద్దంతా సున్నుండలు తిని పడుకున్న పిల్లకి రాత్రి కునుకు పట్టదు మరి. పాదాలు పొంగాయి. గుమ్మం దాటితే ఆయాసం, గుండె దడ. భయపడి బండి కట్టించి పేట ఆసుపత్రికి తీసుకుపోతే, డాక్టరమ్మ అన్నీ చూసి, గుండెలో లోపమేమీ లేదని చెప్పి, కోడల్ని వదిలి అత్తని పట్టుకుంది. ఆ గుండె ఇప్పుడు ఇద్దరి కోసం పనిచేస్తోంది, మంచాన పడేస్తే దానికి బలం ఎక్కణ్ణుంచి వస్తుందని కేకలేసింది. రెండు పూటలా మెల్లగా నడవాలంది. రాత్రిళ్ళు ఎడం పక్కకి తిరిగి పడుకోవాలంది. ఊరగాయ జాడీ జోలికి పోవద్దంది.

నడకంటే పుల్లమ్మకి భయం లేదు. దొంక పొడుగునా మిరపకాయలు ఏరే ఆడవాళ్ళు కూర్చుంటారు, వాళ్ళ చూపులంటేనే భయం. అన్నేళ్ళకి వచ్చిన కడుపు మీద అన్ని కళ్ళు పడితే దిష్టి తగలదూ?

పక్కింటి జైనాబీది పత్తి ఏకి పరుపులు కుట్టే ఇల్లు. పేటకి తోడొచ్చి డాక్టరమ్మ మాటలన్నీ శ్రద్ధగా విన్నది కూడా. ఆమె ఉపాయం చెప్పింది. కడుపు ఒక్కటైతే చూపంతా దానిమీదే పడుతుంది, మూడైతే మూడు ముక్కలై ఎవరికీ తగలకుండా పోతుంది.

"మనిద్దరం దిండ్లు కట్టుకుందాం వదినా. నీకు ఎన్నో నెలకి కుట్టమంటావు?"

పుల్లమ్మ ఆలోచించింది. "కోడలికంటే పెద్దది బాగుండదేమోనే. ఐదో నెల చాలు."

"ఐదుకి పత్తి తక్కువ పడుతుంది, జారిపోద్ది. ఏడు కుడతాలే."

అలా ఆ పొద్దు మూడు కడుపులు బారులు తీరి దొంక పట్టాయి. కళ్ళంలో చేతులు ఆగిపోయాయి. ఎవరూ ఏమీ అడగలేదు. ఆ అడక్కపోవడమే కొంప ముంచింది. వీళ్ళు వెనక్కి తిరిగేలోపు కబురు పత్తి బళ్ళెక్కి పేటకి పోయింది.

పత్తి కాలం గనక పుల్లమ్మ మొగుడు పానకాలుది కొడుకుతో కలిసి పేటలో జిన్నింగు మిల్లు దగ్గరే మకాం. షావుకారు ఎదురొచ్చి మరీ అతనికి కుర్చీ వేయించాడు. ఈ వయసులో ఎంత మంచి కబురన్నారు తోటి రైతులు. తాతనవుతున్నందుకు కాబోలని పానకాలు సిగ్గుపడ్డాడు.

"ఇందులో నేను చేసిందేముందండీ. అంతా దేవుడి దయ."

షావుకారు చటుక్కున లెక్కల పుస్తకంలోకి తల దూర్చాడు.

పక్షం తిరక్కుండా చీరాల నుంచి కూతురు వెంకటేశ్వరమ్మ, చంకలో ఆడపిల్లతో, పరువు పోయిందని ఏడుస్తూ దిగింది. వెనకే అల్లుడు, పళ్ళెంలో ఆకూవక్కా పట్టుకుని. పుట్టేది మగపిల్లాడైతే తన పిల్లకి మేనమామ అవుతాడు గనక, పెళ్ళిమాట ఇప్పుడే ఖాయం చేసుకుందామని అతని ఆత్రం. ఆ వయసు కాన్పంటే ప్రాణాల మీదికొస్తుందని ఆరోగ్య కేంద్రం నర్సమ్మ కూడా సంచీతో వచ్చేసింది. నర్సమ్మ వచ్చిందని విని పానకాలు పరుగెత్తుకొచ్చాడు. వాకిలి నిండిపోయింది.

పుల్లమ్మ లెక్క వేసుకుంది. నిజం చెబితే, ఇన్నాళ్ళూ ముక్కలైన చూపులన్నీ ఒక్కటై చెంచమ్మ మీద పడతాయి. పైగా ఇప్పుడు జనం రెట్టింపు. గుండె రాయి చేసుకుని వసారాలో మంచమెక్కి పడుకుంది.

నర్సమ్మ మగవాళ్ళని గుమ్మం అవతలికి తోలి, పుల్లమ్మ చీర మీదనుంచే చెక్క గొట్టం ఆనించి, చెవి పెట్టి చాలాసేపు విన్నది. మొహం మాడిపోయింది.

"బిడ్డ గుండె కొట్టుకోవటం లేదమ్మా."

వెంకటేశ్వరమ్మ బావురుమంది. అల్లుడు పళ్ళెం కింద పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. సంగతేమిటో తెలీకపోయినా, అంతమంది ఏడుస్తుంటే ఆగలేక పానకాలూ ఏడ్చాడు.

చెంచమ్మ ఇక ఉండబట్టలేక లేచింది. "ఏడవకండి మావయ్యా. అది పత్తి," అంటూ అత్తగారి నడుం దగ్గర ముడి లాగింది. ఏడో నెల ఊడి మంచం కింద పడింది.

నర్సమ్మకి ఒళ్ళు మండింది. అయినా వచ్చిన పని వదలకుండా అత్తాకోడళ్ళిద్దర్నీ చూసింది. చెంచమ్మ కాళ్ళ పొంగు తీసింది, నిద్ర పడుతోంది, గుండె నిదానంగా ఉంది. చేతికి పట్టీ కట్టి చూస్తే రక్తపోటున్నది పుల్లమ్మకి.

"ముందు మీరు నడవండి. ఊరగాయ మీరూ మానండి," అని జైనాబీ వైపు తిరిగింది. "నువ్వూ ఆ దిండు తీసెయ్."

జైనాబీ పైట బిగించి గోడకి జరిగింది. "నాది తీస్తే రాదమ్మా."

కోడళ్ళొచ్చిన ఇంట్లో కడుపొస్తే ఎవరితో చెప్పుకుంటుంది? డాక్టరమ్మ మాటలు తనకోసమే విన్నది. నడవాలి, నలుగురికీ తెలియకూడదు. అసలు ఆమె కుట్టింది ఒక్క దిండే.

"ఓసి నీ అసాధ్యం కూలా. నన్ను అడ్డం పెట్టుకుని తిరిగావుటే?"

"నువ్వు నన్ను పెట్టుకోలేదా వదినా?"

వాకిట్లో ఉన్న కళ్ళన్నీ జైనాబీ మీదికి తిరిగాయి. చెంచమ్మ వంక చూసిన మనిషి లేడు. పుల్లమ్మ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, దోసిట్లోకి ఉప్పూ ఎండుమిరపకాయలూ తీసుకుని జైనాబీకి దిష్టి తీయడానికి లేచింది.

ఆ తర్వాత కూడా ముగ్గురూ ఆ దొంక వెంట రోజూ నడిచారు. కాన్పులు రెండూ సుఖంగా అయ్యాయి. మూడోది ఏమైందని మిల్లులో ఎవరన్నా అడిగితే, ఇంకా నెలలు నిండలేదనేవాడు పానకాలు.