మా గుడ్లగూబకు అన్నీ వినిపిస్తాయి

గుడ్లగూబ ఎలా వింటుందో చదవాలి. రెండు మైకుల్లో, దాని చెవుల్లాగే, ఒకదాన్ని కాస్త ఎత్తుగా, ఒకదాన్ని కాస్త కిందగా బిగించాలి. ఫ్యాన్ ఆపాలి. కుక్కర్ విజిల్‌ని వాయిదా వేయించాలి. అక్క మాట్లాడకుండా చూడాలి.

చివరిది తప్ప అన్నీ అయ్యాయి.

అయ్యా, అమ్మా! మనిషి చెవికి కాలం చెల్లింది. వినే బాధ్యత ఇక యంత్రాలకు అప్పగించేద్దాం. ఎంత హాయి! మా వంశంలో మొదటి డిగ్రీ నాది కాబట్టి, ఈ మాట నేనంటే ఇంట్లో ఎవరూ కాదనరు.

నేను పనిచేసే స్టూడియో చప్పుళ్లతో కళాఖండాలు చేస్తుంది. ఈసారి ఎగ్జిబిషన్‌కి గుడ్లగూబలా వినే యంత్రం చేశాం. చప్పుడు ఎటు వినిపిస్తే అటు తల తిప్పుతుంది. చీమ తుమ్మినా సరే! దాని మెత్తటి చెవుల్ని మా అక్క వెల్వెట్ గుడ్డతో తన మిషన్ మీద కుట్టిచ్చింది.

చెవులుంటే సరిపోతుందా? ఏది వినాలో, ఏది వదిలేయాలో నేర్పొద్దూ? ఆ పాఠాలు మా ముందుగదిలోనే జరిగాయి. ఆకు రాలిందా, వినాలి. బల్లి పాకిందా, వినాలి. ఇంతలో వంటింట్లోంచి అక్క.

"ఒరేయ్, తిన్నావా?"

"అబ్బా, రికార్డింగ్ అక్కా!"

"రికార్డింగ్‌కి ఆకలెయ్యదు గానీ, నీకేస్తుంది కదరా!"

ఏం చేయను? ఏ రికార్డింగ్ విన్నా ఆ గొంతే, ఆ కుట్టుమిషన్ మోతే. రెండింటినీ 'పట్టించుకోనక్కర్లేదు' అనే ఖాతాలో వేశాను. శాస్త్రీయ పద్ధతి మరి!

ప్రారంభోత్సవం రోజు మా యంత్రం దుమ్ము దులిపేసింది. మా స్టూడియో డైరెక్టర్‌గారు దగ్గితే తిరిగింది. లైటు చుట్టూ పురుగు ఎగిరితే తిరిగింది. ఒక పెద్దమనిషి కడుపు గుర్రుమంటే, పదిమందిలోనూ ఆయన వైపే తిరిగి నిలబడిపోయింది!

అక్క కూడా వచ్చింది, ఇస్త్రీ చీర కట్టుకుని. తను కుట్టిన చెవులు ఒక్కసారి తన వైపు తిరిగితే చూసుకోవాలని ఆమె ఆశ. ఎదురుగా నిలబడి మెల్లగా పిలిచింది. తర్వాత కాస్త గట్టిగా పిలిచింది.

తల కదల్లేదు.

"అచ్చం నీలాగే చేశావురా," అని నవ్వింది. ఆ నవ్వుకీ అది తిరగలేదు. డిజైన్ అంత పక్కాగా కుదిరింది!

గోడ మీది బోర్డులో గుడ్లగూబకు కృతజ్ఞతలు చెప్పాం. కరెంటు ఇచ్చినవాళ్లకూ చెప్పాం. అక్కడితో చోటు అయిపోయింది.

మీరెప్పుడైనా అక్కడికి వెళ్తే, ఆ చెవులు తప్పకుండా మీ వైపు తిరుగుతాయి. మురిసిపోండి. మురిశాక, వాటిని కుట్టిన మా అక్కను ఒక్కసారి తలచుకోండి.