ఊడిరాని పూత

మానవుడు నిప్పును కనిపెట్టిన రోజునే, ఆ నిప్పు పాడైపోకుండా దాని మీద ఏదైనా కప్పుదామని చూసిన మానవుడు కూడా ఒకడు పక్కన నిలబడి ఉంటాడు. మా వంశం ఆ రెండోవాడి నుంచి వచ్చింది.

మా ఇంట్లో రిమోటుకు ప్లాస్టిక్ తొడుగు, ఆ తొడుగు జారకుండా రబ్బరు బ్యాండు. సోఫాకు దుప్పటి, ఆ దుప్పటి మాసిపోకుండా దాని మీద పాత దుప్పటి. సోఫా అసలు రంగు పెళ్లయిన కొత్తలో ఒకసారి చూశాను, నీలమని గుర్తు. (మా ఆవిడ ఆకుపచ్చ అంటుంది. తీసి చూసే ధైర్యం ఇద్దరికీ లేదు.) కాబట్టి జీపు విషయంలో జరిగినదాన్ని పొరపాటు అనడానికి వీల్లేదు. అది వారసత్వం.

జీపు మా ఆవిడది. ఆవిడ కొండ మీద ఆరోగ్య కేంద్రంలో నర్సు. బస్సు కొండ కిందే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి పైకి ఉన్నదాన్ని అధికారులు రోడ్డు అంటారు, వానాకాలంలో వాగు తనదంటుంది. కొన్నాళ్లు నడిచి చూసి, చివరికి ఒక పాత జీపు కొనుక్కుని, డ్రైవింగ్ నేర్చుకుని, మందుల పెట్టెలు, గర్భిణులు, వాళ్ల అత్తగార్లు, అందరినీ అందులోనే ఎక్కించుకుని తిరగసాగింది. రోజూ సాయంత్రం కొండలో కొంత భాగం జీపు అడుగున అంటుకుని మా ఇంటికి వచ్చేది.

నేను ఇంట్లో కూర్చుని వాడుక సూచనలు రాస్తాను. మిక్సీ కొంటే డబ్బాలో ఒక మడతపెట్టిన కాగితం ఉంటుంది చూడండి, మీరు చూడకుండానే పారేస్తారే, అది నాదే. 'తడి చేతులతో ముట్టుకోరాదు' అన్న వాక్యం నా ప్రసిద్ధ రచన. వాటిని ఎవరూ చదవరని అందరికంటే బాగా తెలిసినవాణ్ణి కనుక, నేనూ చదవను.

"జీపు లోపల ఆ బురద చూశావా?" అన్నాను ఒకరోజు.

"కడిగితే పోతుందిగా."

"రోజూ కడిగితే రేకు తుప్పు పట్టదూ?"

"పట్టనివ్వండి. నేను కూర్చునేది సీటు మీద, రేకు మీద కాదు."

ఇలాంటి నిర్లక్ష్యం వల్లే నాగరికతలు మట్టిలో కలిసిపోయాయి. నేను బజారుకెళ్లి, లారీ తొట్టెల్లో వేసే రబ్బరు పూత ఒక డబ్బా తెచ్చాను. నల్లగా, చిక్కగా ఉంటుంది. ఆరితే రాయి. డబ్బా మీద, లారీ తొట్టెలో నిలబడ్డ ఏనుగు బొమ్మ ఉంది. ఏనుగు ముఖంలో ఎంతో తృప్తి.

"సీట్లు విప్పి పక్కన పెట్టి వేయండి. బోల్టులే కదా," అంది మా ఆవిడ, డ్యూటీకి వెళ్తూ. ఆ రోజు తోటి నర్సు బండి మీద వెళ్లింది.

"అక్కర్లేదు. బ్రష్షు సందుల్లోకి కూడా పోతుంది," అన్నాను.

పోయింది. అక్కడే వచ్చింది చిక్కు.

స్టీరింగుకి, అద్దాలకి, పెడళ్లకి, పనిచేయని రేడియోకి శ్రద్ధగా టేపు అంటించాను. డ్రైవరు సీటు అడ్డం వస్తోందని దాన్ని చివరికంటా వెనక్కి నెట్టి, కింద దూరాను. ముందు రేకుకి వేశాను. తర్వాత సీటు జరిగే పట్టాలకి. ఆ పట్టాల పళ్లకి. సీటు జరిపే పిడికి. వేసినకొద్దీ వేయబుద్ధయింది. ఈ పనిలో ఒక దశ వస్తుంది. అప్పుడు మనిషికి పూత వేయవలసినవీ, వేయకూడనివీ అన్న తేడా పోయి, లోకమంతా ఒకటే అనిపిస్తుంది. (కొందరు దీనికోసం కొండ గుహల్లో ఏళ్ల తరబడి కూర్చుంటారు.) అవతలి తలుపు దగ్గరికి వచ్చేసరికి డబ్బా అడుగంటింది. అక్కడ పల్చగా ఒక్క పొరతో సరిపెట్టాను.

మర్నాడంతా ఆరబెట్టి, బాల్కనీలోంచి చూసుకుంటూ గడిపాను. ఆ మర్నాడు పొద్దున మా ఆవిడ జీపెక్కింది. ఆవిడ నా భుజం దాకా వస్తుంది. ఆవిడ పాదం క్లచ్చికి జానెడు దూరంలో గాల్లో వేలాడింది.

"సీటు ముందుకు రావడం లేదండీ."

"పిడి పట్టుకుని గట్టిగా లాగు."

"ఏ పిడి?"

వంగి చూశాను. పిడి ఉండాల్సిన చోట నున్నటి నల్లటి బొడిపె ఉంది. మా ఆవిడ నా వైపు చూసింది. ఇంజెక్షన్‌కి ఏడ్చే పెద్దమనుషులని నర్సులు చూసే చూపు ఒకటుంటుంది, అది.

"ఇది దేనికి వేశారు?"

"రక్షణకి."

"ఎవరి నుంచి?"

వీపు వెనక దిండు పెట్టి చూశాం. మొదటి బ్రేకుకే దిండు ఒకవైపు, ఆవిడ ఒకవైపు అయ్యారు. పైన టీకాల కోసం తల్లులు పిల్లల్ని ఎత్తుకుని ఎదురుచూస్తూ ఉంటారు. ఆ సీటు లోకంలో ఒక్కడి కాళ్లకే సరిపోతుంది. చెప్పులేసుకుని నేనే ఎక్కాను.

అలా రోజూ ఎక్కుతూ, మరోపక్క పరిష్కారం వెతికాను. మెకానిక్కు సుత్తితో కొట్టాడు. సుత్తి ఎగిరి వాడి నుదుటికి తగిలింది. వాడు నుదురు రుద్దుకుంటూ, "ఎక్కడ కొన్నారు సార్?" అని అడిగి, తనకీ ఒక డబ్బా తెప్పించుకున్నాడు. బోల్టులు పూతలో కలిసిపోయాయి, పట్టాలు కోసి కొత్తవి వేద్దామంటే, ఈ పాత జీపుకి ఎక్కడా దొరకవన్నాడు.

పూత కంపెనీకి ఫోన్ చేశాను. ఒకమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది.

"పూత ఊడిపోతోందా సార్?"

"ఊడటం లేదమ్మా. అదే నా ఫిర్యాదు."

"అభినందనలు సార్!"

"అది కాదు. నాకు ఊడాలి."

"ఊడితే మేం పూర్తి బాధ్యత తీసుకుంటాం సార్. ఊడగానే చేయండి."

యాప్‌లో ఫిర్యాదు పెట్టబోతే, 'ఊడింది', 'పగిలింది', 'వెలిసింది', 'అమితానందంగా ఉంది' అని నాలుగే ఉన్నాయి. ఉన్నవాటిలో నిజానికి దగ్గరగా ఉన్నదని నాలుగోది నొక్కాను. వారం తిరక్కుండా వాళ్ల ప్రకటనలో నా ఫోటో ఏనుగు పక్కన వేశారు.

ఇంతలో వానలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం పైవాడ నుంచి నిండు నెలల అమ్మాయిని పెద్దాసుపత్రికి దింపుతున్నాం. వెనక పరుపు మీద ఆ అమ్మాయి, పక్కన మా ఆవిడ, నా వెనక నా భుజం పిండేస్తూ ఆ అమ్మాయి అత్తగారు. వాగు దాటామో లేదో, "బండి ఆపండి," అంది మా ఆవిడ.

"ఇక్కడ ఆపకూడదు, నీళ్లు పెరుగుతు..."

"ఆపండి!"

ఆపాను. ఆ తర్వాత నాకు అందిన ఆదేశాలు: 'ఆ పెట్టె ఇటివ్వండి', 'అటు తిరగండి', 'ఊపిరి తీసుకోండి'. (చివరిది ఆ అమ్మాయికి అనుకున్నాను. నాకట.) దిగి, అటు తిరిగి వాగుని చూస్తూ నిలబడ్డాను. నీళ్లు టైరు దాకా వచ్చాయి. వెనక ఆ అమ్మాయి కేకలు, అత్తగారి మొక్కులు, వాటి మధ్య మా ఆవిడ గొంతు మాత్రం ఇంట్లో పాలు పొంగుతున్నాయని చెప్పినంత మామూలుగా ఉంది. అంతలో సన్నగా, కోపంగా ఒక కొత్త గొంతు వినబడింది. అత్తగారు దిగొచ్చి మళ్లీ నా భుజమే పట్టుకుని ఏడ్చేసింది. నేనూ కొంచెం తడిశాను, వానకి.

తల్లీబిడ్డల్ని ఆసుపత్రిలో చేర్చాక, మా ఆవిడ జీపులో ఒక బకెట్టు నీళ్లు కుమ్మరించింది. రక్తం, బురద, అన్నీ చక్కగా జారిపోయాయి. నేను ఆశగా చూస్తూ నిలబడ్డాను.

"బాగుంది," అంది.

"చెప్పానా! మంచి పూత."

"పాప గురించి అంటున్నానండీ."

ఆ నెలలోనే వాహన యోగ్యతా కార్యాలయం నుంచి పిలుపొచ్చింది. ఏడాదికోసారి పరీక్ష. అక్కడి అధికారి జీపులోకి తలపెట్టి చాలాసేపు ఉండిపోయాడు.

"బండి నంబరు అవతలి తలుపు దగ్గర రేకు మీద చెక్కి ఉండాలే?"

"పూత కింద ఉంది సార్."

"పూత తీయండి."

"రాదండి."

"అయితే ఈ బండి ఉన్నట్టు ఆధారం లేదు."

"ఎదురుగా ఉంది కదా సార్!"

"ఉన్నది ఒక బండి. ఏ బండో తెలీదు. ఏ బండో తెలియని బండికి పత్రం ఇస్తే, ఏ బండికి ఇచ్చినట్టు? తేలేదాకా ఇది ఇక్కడే ఉంటుంది."

ఇటువంటి వాక్యాలు రాసే బతుకుతున్నవాణ్ణి కనుక నాకు గౌరవం కలిగింది. మా ఆవిడకి కలగలేదు. జీపు ఇక్కడుంటే కొండ మీద ఏమవుతుందో ఆవిడకి తెలుసు. అవతలి తలుపు దగ్గర, పూత పల్చగా పడ్డ చోట మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు మూసుకుని వేళ్లతో తడమడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నారమ్మా?" అన్నాడు అధికారి.

"కడుపులో బిడ్డ తల ఎటుందో చేత్తోనే చూస్తాం సార్. ఇది రేకు. కనీసం తన్నదు." ఒక్కో అంకె చెబుతూ పోయింది. ఒకచోట ఆగింది. "ఇది మూడో, ఎనిమిదో."

అధికారి తన కాగితం చూసుకున్నాడు. "ఎనిమిది."

"అయితే ఎనిమిదే."

'నంబరు స్పర్శ ద్వారా కనిపించినది' అని రాసుకున్నాడాయన. తర్వాత డ్రైవరు సీటు కుదిపి చూశాడు. కదల్లేదు. నన్ను గోడకి ఆనించి కొలిచాడు. మళ్లీ రాశాడు: 'సీటు స్థిరము. తగిన కాళ్లు గల డ్రైవరు ఒకరు వాహనముతో శాశ్వతంగా జతచేయబడి ఉన్నారు. మార్చరాదు.'

జీపు తిరిగేది ఆరోగ్య కేంద్రం పనికే కనుక, ఈ పత్రం నకలు ఆరోగ్యశాఖకు వెళ్లింది. శాశ్వతంగా జతచేయబడినది ఏదైనా వాళ్ల పరికరాల జాబితాలోకి ఎక్కాలని నిబంధన. ఎక్కించారు. మొన్న ఇద్దరు ఉద్యోగులు తనిఖీకి కొండెక్కి వచ్చారు. మంచం చూశారు, తూకం చూశారు, టీకాల ఫ్రిజ్ తెరిచి మూశారు. అరుగు మీద కూర్చున్న నా దగ్గరికొచ్చి, చుట్టూ ఒకసారి తిరిగి, మా ఆవిడని అడిగారు.

"ఇది పనిచేస్తోందా మేడం?"

ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా, అవసరమైనదానికంటే కాస్త ఎక్కువసేపే చూసింది.

"శబ్దం ఎక్కువ," అంది. "కానీ ఉండనివ్వండి. కొత్తది పంపిస్తే మళ్లీ అలవాటు చేసుకోవాలి."