మెడలేని డ్రమ్ముకు మఫ్లరు

ప్రభుత్వం వారి డ్రమ్ము మోగడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. మోగిన తర్వాత ఊరుకోవడానికి మాత్రం పై అధికారుల లిఖితపూర్వకమైన అనుమతి కావాలి. ఈ సూత్రం రాజ్యాంగంలో ఎక్కడుందో ఎవరూ చూపించలేదు గాని, తూర్పుకట్ట బ్లాకు ఆఫీసులో హెడ్డు గుమాస్తా పద్మనాభయ్య గారి నోట ఉంది. రాజ్యాంగాన్ని సవరించవచ్చు. పద్మనాభయ్య గారిని సవరించిన వారు ఇంతవరకు లేరు.

సదరు డ్రమ్ము నాగులమ్మపాళెం స్కూలుకు మంజూరైన బ్యాండు సెట్టులో అన్నింటికన్నా పెద్దది. బకింగుహాం కాలువ మీద పడవలో, గోనెపట్టా కప్పుకొని, పెళ్ళికొడుకులా వచ్చింది. దాని పేరు బేస్ డ్రమ్ము. పాళెం వాళ్ళు భేషు డ్రమ్మన్నారు. చూడడానికి భేషుగానే ఉంది కనుక ఎవరూ దిద్దలేదు.

స్కూల్లో దాన్ని పెట్టే చోటు లేక డ్రిల్లు మాస్టరు మాల్యాద్రి ఇంటి ముందుగదిలో పెట్టారు. ఆ ఇంట్లో ఉన్నవే రెండు గదులు. మాల్యాద్రికి పెళ్ళై పసుపు బట్టల మడత ఇంకా విప్పలేదు. భార్య రాఘవమ్మ నెల్లూరులో బి.ఏ. చదివిన పిల్ల. ఆ ఇంట్లో ఆమెకు నచ్చనిదంటూ లేదు. పెరటి తలుపు తీస్తే సముద్రం కనిపించడం నచ్చింది, వేస్తే వినిపించడం నచ్చింది, గాలికి ఇసుక వచ్చి కాఫీ గ్లాసు అడుగున చేరడం కూడా నచ్చింది (చక్కెర కరగలేదేమోనని ఇంకోసారి కలిపేది). డ్రమ్ము గుమ్మం దాటి లోపలికి రాగానే, కాపురానికి వచ్చిన మొదటి చుట్టమని దానికి కుంకుమబొట్టు పెట్టింది.

చుట్టానికి ఒక్కటే దుర్గుణం. డ్రమ్మన్నది దెబ్బ పడితే ధమ్మని ఊరుకోవాలి. ఇది ధమ్మని మొదలుపెట్టి, మాట దొరక్క మైకు వదలని సన్మానసభ అధ్యక్షుడిలా సాగదీసేది. ఎడమకాలికి వేసిన దెబ్బ కుడికాలు దాకా మోగేది. కుడికాలి దెబ్బ వచ్చి దాని నెత్తిన కూర్చునేది. ఏ కాలు ఎత్తాలో తెలియని పిల్లలు రెండూ ఎత్తబోయి కూలబడేవారు.

అంతటితో పోయినా బాగుండేది. పాళెంలో ఒక కట్టుబాటుంది. ఆకాశం తేడాగా కనిపిస్తే ఒడ్డున డప్పు వాయిస్తారు. అది వినబడితే వేటకు పోయిన పడవలు చేపలు పడుతున్నా సరే, వలలెత్తి వెనక్కి రావాలి. మొదటి డ్రిల్లు రోజున డ్రమ్ము మోత గాలివాటున సముద్రం మీదికి పోయింది. చిటపటలాడే ఎండలో పడవలన్నీ ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. పాళెం పెద్ద గంగులయ్య తడిబట్టలతోనే స్కూలుకు వచ్చి, తెల్లటి ఆకాశాన్ని కాసేపు చూసి, మాల్యాద్రిని చూసి, చాలా మర్యాదగా అడిగాడు.

"ఏంది అయివోరూ, వాయుగుండం మీ బళ్ళో పుట్టినాదా?"

ఆ మర్యాదతోనే బ్లాకు ఆఫీసుకు కూడా వెళ్ళి వచ్చాడు. మర్నాడు బి.డి.ఓ. గారు మాల్యాద్రిని పిలిపించి పరిస్థితి వివరించారు. డ్రిల్లు మాస్టరు పోస్టు తాత్కాలికం. ఆగస్టు నెలాఖరు వరకే మంజూరు. పంద్రాగస్టు పరేడుకు జిల్లా నుంచి పెద్ద అధికారి వస్తున్నారు. పరేడు ఆయనకు నచ్చితే పోస్టు పర్మనెంటు. నచ్చకపోతే డ్రమ్ము ఉంటుంది, మాస్టరు ఉండడు.

మాస్టరు ఉండకపోవడమంటే చిట్టమూరు దగ్గర తండ్రిగారి వరిపొలానికి తిరిగిపోవడం. అక్కడి ఉమ్మడి ఇంట్లో అత్తగారు, ముగ్గురు తోడికోడళ్ళు ఉన్నారు. కొత్తకోడలు నవ్వాలన్నా వేళాపాళా చూసుకోవాలి. రాఘవమ్మ ఆ ఇంటిని ఒకసారి, ఈ ఇంటి పెరటి తలుపును ఒకసారి తలచుకొని, కొంగు బిగించి డ్రమ్ము ముందు కూర్చుంది.

మోత తగ్గించే మార్గాలను దంపతులు శాస్త్రీయంగా పరీక్షించారు. తోలు మీద తడిగుడ్డ పరిచారు. గుడ్డ ఆరేదాకా బాగుంది, ఆ గాలికి అది ఆరడానికి పాట ఒకటి పూర్తి కానక్కరలేదు. మరలు విప్పి, కట్టు తీసి, తోలు ఎత్తి లోపల ఊకబస్తా పెట్టారు. డ్రమ్మును కొడితే పక్కింటి తలుపు తట్టినట్టుంది. చిరిగిన వల కూరారు. శబ్దం ఫర్వాలేదనిపించింది గాని, ఆ సాయంత్రం పరేడు వెనక పాళెంలోని పిల్లులన్నీ నడిచాయి (పిల్లులే బాగా అడుగు కలిపాయని మాల్యాద్రి ఒప్పుకున్నాడు).

చివరికి రాఘవమ్మ పడకగదిలోకి వెళ్ళి, పుట్టింటివారు సారెలో పెట్టిన బూరుగుదూది దిండ్ల జతలో ఒకటి తెచ్చింది. రెండు తోళ్ళకూ ఆనీ ఆననట్టు దాన్ని లోపల పడుకోబెట్టి మరలు బిగించమన్నది. మాల్యాద్రి కొట్టాడు.

ధమ్.

అంతే. చెప్పదలచిన మాట చెప్పి, కండువా దులుపుకొని వెళ్ళిపోయే పెద్దమనిషిలా ఉంది ఆ శబ్దం. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకొని నవ్వారు. మళ్ళీ కొట్టారు, మళ్ళీ నవ్వారు. అప్పుడే చేపల గంపతో గుమ్మంలోకి వచ్చిన మస్తానమ్మ సంగతి విని, లోపలి మంచం వైపు తొంగి చూసింది.

"ఒక దిండే గదమ్మా మిగిలింది. అది నీకా, అయివోరికా?"

"ఇద్దరికీ సరిపోతుందిలే" అన్నది రాఘవమ్మ, గంపలో చేపలను చాలా శ్రద్ధగా చూస్తూ.

"అట్టయితే ఆ డ్రమ్ముకి పుణ్యముంటాది" అని మస్తానమ్మ రెండు వంజరాలు ఎక్కువ వేసింది.

కథ ఇక్కడ సుఖాంతం కావలసింది. కాని డ్రమ్ము ప్రభుత్వానిది. దాని కడుపులో ఏదైనా పెట్టాలంటే అనుమతి ఉండాలి. నిజాయితీపరుడైన మాల్యాద్రి అర్జీ పెడదామన్నాడు, రాఘవమ్మ బి.ఏ. ఇంగ్లీషును బయటికి తీసి, బేస్ డ్రమ్ముకు మఫ్లరు అమర్చుకోవడానికి అనుమతి ప్రసాదించవలసిందిగా అందంగా రాసిపెట్టింది. మోతను అణిచేది ఏదైనా మఫ్లరేనని ఆమె కాలేజీ నిఘంటువులో ఉంది. మెడకు చుట్టుకునే ఉన్నిగుడ్డ అని కూడా ఉంది. నిఘంటువులు ఒక మాటకు ఎన్ని అర్థాలైనా ఇస్తాయి. ఆఫీసు ఒకటే మంజూరు చేస్తుంది.

పద్మనాభయ్య గారు అర్జీని ముక్కు దగ్గరికి తెచ్చుకొని చదివి, మాల్యాద్రిని పిలిపించారు.

"మఫ్లరు మెడకు గదా మాస్టారూ. డ్రమ్ముకు మెడ ఎక్కడుంది?"

"మెడ లేదు సార్. అసలు సంగతేమంటే..."

"లేదంటే ఫైలు ఇక్కడితో మూసేస్తా. ఉందనండి."

"ఉంది సార్."

"ఎక్కడ?"

మాల్యాద్రికి డ్రమ్ము కళ్ళముందు మెదిలింది. "చుట్టూ ఉంది సార్."

చుట్టూ మెడయే గలదు, అని పద్మనాభయ్య గారు నిర్వికారంగా రాసుకున్నారు (చుట్టూ నోరే గల అధికారుల కింద పనిచేసిన మనిషికి ఇది వింత కాదు).

నెల్లూరు సీమలో ఆ ఎండలకు మఫ్లరు అమ్మేవాడు లేడు, కొనేవాడు లేడు. ఊటీకి రాసి తెప్పించారు. బూడిదరంగు ఉన్ని, ఎర్ర అంచు. పొట్లం విప్పగానే చూసినవాళ్ళకు చెమటలు పట్టాయి. దానితో డ్రమ్మును తన సమక్షంలోనే అలంకరించాలని పద్మనాభయ్య గారు స్వయంగా ఎద్దుబండిలో పాళెం వచ్చారు. డ్రమ్మును ఇటూ అటూ దొర్లించి మఫ్లరు చుట్టిస్తుండగా లోపల ఏదో మెత్తగా కదిలింది.

"లోపల ఏముంది?"

"దిండు సార్" అన్నాడు మాల్యాద్రి. అబద్ధం చెప్పే అలవాటు ఉండి ఉంటే ఈపాటికి పర్మనెంటు అయి ఉండేవాడు.

పద్మనాభయ్య గారు అక్కడే ఉన్న నులకమంచం మీద కూలబడి, రాఘవమ్మ ఇచ్చిన కాఫీ తాగి, సమస్య గాంభీర్యాన్ని విశదీకరించారు. దిండు పరుపు సామాను కిందికి వస్తుంది. పరుపు సామాను వాడుకునే హక్కు ప్రభుత్వ నిబంధనల ప్రకారం ఇద్దరికే ఉంది: ముసాఫర్‌ఖానాలో దిగిన ప్రయాణికుడికి, ఆసుపత్రిలో చేరిన రోగికి. ఈ డ్రమ్ము ఆ ఇద్దరిలో ఎవరు? ప్రయాణికుడంటే మూడు రోజులకు మించి దిండు ఇవ్వరు. కనుక దిండు తీసివేయడమో, డ్రమ్ము రోగి కావడమో, ఏదో ఒకటి వెంటనే జరగాలి.

దిండు తీస్తే పరేడు లేదు. పరేడు లేకపోతే పోస్టు లేదు. దంపతులు ఒకరినొకరు చూసుకొని, డ్రమ్ముకు కొంతకాలంగా నలతగానే ఉందని చెప్పారు.

బ్లాకు డిస్పెన్సరీ డాక్టరు గారు వచ్చి, స్టెతస్కోపు తోలుకు ఆనించి, వేలితో తట్టి, దీర్ఘకాలిక ప్రతిధ్వని అని రోగనిర్ణయం చేశారు. వాగుడు ఎక్కువ, విరామం తక్కువ. ఉద్యోగుల్లో ఇది సాధారణమే గాని వాద్యాల్లో మొదటిసారి చూస్తున్నానన్నారు. డ్రమ్మును ఇన్‌పేషెంటుగా నమోదు చేశారు. డిస్పెన్సరీలో మంచాలు లేనందున రోగిని మాస్టరు ఇంట్లోనే ఉంచి వైద్యం చేయాలన్నారు. నిబంధనల ప్రకారం దిండు చెల్లుబాటైంది. దిండుతో పాటు రోజుకు అరశేరు పాలు కూడా మంజూరయ్యాయి.

పాలు రోజూ ఉదయం చెంబుతో వచ్చేవి. రోగి పాలు ముట్టేది కాదు. రాఘవమ్మ వాటిని పారబోయడానికి మనసొప్పక చిక్కటి కాఫీ కలిపేది. ఇద్దరూ డ్రమ్ముకు చెరో పక్క కూర్చొని, దాని ఆరోగ్యం కోరుతూ తాగేవారు. పాళెం ఆడవాళ్ళు పలకరించడానికి వచ్చిపోయేవారు. గంగులయ్య కూడా వచ్చాడు. మఫ్లరు చుట్టుకొని మంచం మీద పడుకున్న డ్రమ్మును చూసి, పాపం అంత గొంతు ఎట్టా పడిపోయినాదని నొచ్చుకొని, గంగమ్మకు మొక్కుకుంటానన్నాడు.

పరేడుకు ఇంకా వారమే ఉంది. మాల్యాద్రి మేళం సవరించి కర్ర చేత పట్టేసరికి పద్మనాభయ్య గారు ఎద్దుబండి దిగి రెండు చేతులూ అడ్డం పెట్టారు.

"ఇన్‌పేషెంటును కొడతారా మాస్టారూ? ఉద్యోగం మాట దేవుడెరుగు, జైలుకు పోతారు."

"కొట్టకపోతే పరేడెట్టా సార్?"

"డిశ్చార్జి చేయించి కొట్టండి."

డాక్టరు గారిని అడిగితే, నయమైందని రుజువైతే గాని డిశ్చార్జి చేయనన్నారు. నయమైనదీ లేనిదీ కొట్టి చూస్తే గాని తెలియదన్నాడు మాల్యాద్రి. డిశ్చార్జి కాకుండా కొట్టకూడదన్నారు పద్మనాభయ్య గారు. ముగ్గురూ ఈ విషయంలో పూర్తిగా ఏకాభిప్రాయంతో ఉన్నారు. ఆ సాయంత్రం మొదటిసారి కాఫీలో ఇసుక రాఘవమ్మకు పంటి కింద తగిలింది. ఆమె ట్రంకుపెట్టె తీసి, చిట్టమూరు ప్రయాణానికి ఏ చీరలు పైన పెట్టాలో చూసి, ఏదీ పెట్టకుండానే మూసింది.

పంద్రాగస్టు వచ్చింది. జెండా ఎగిరింది. జిల్లా అధికారి గారు కుర్చీలో కూర్చున్నారు. ఆయనకు ఎడంగా, నీడలో, నులకమంచం మీద డ్రమ్ము మఫ్లరుతో విశ్రమించి ఉంది. మాల్యాద్రి ఈల వేశాడు. పిల్లలు కదిలారు. అడుగుకు ఆధారం లేదు. డ్రమ్ము లేదు, సెట్టుతో వచ్చిన పిల్లనగ్రోవులు ఇసుక పట్టి ఎప్పుడో మూగబోయాయి. రాఘవమ్మ కళ్ళు మూసుకుంది.

అయితే అవి వలలు లాగే ఇళ్ళ పిల్లలు. బరువు పని ఏదైనా నోట్లో హైలెస్సా లేకుండా వాళ్ళకు సాగదు. ముందు వరస పెదవి కదపకుండా, గొంతులోనే మొదలుపెట్టింది. వెనక వరస అందుకుంది. హైలెస్సాకు ఎడమకాలు, దాని జవాబుకు కుడికాలు. అన్ని కాళ్ళూ ఒకే కాలులా పడ్డాయి. గట్టున నిలబడ్డ గంగులయ్య తనకు తెలియకుండానే లేని తాడును లాగడం మొదలుపెట్టాడు.

అధికారి గారు ముగ్ధులయ్యారు. పదిహేను స్కూళ్ళు తిరిగాను గాని ఇంత క్రమశిక్షణ గల నిశ్శబ్దాన్ని ఎక్కడా వినలేదన్నారు. ఆ మంచం మీద ఎవరని అడిగారు. పద్మనాభయ్య గారు చేతులు కట్టుకొని, ఇన్‌పేషెంటండి, అన్నారు. అధికారి గారు టోపీ తీసి, ఒక నిమిషం మౌనంగా నిలబడి, రోగిని ఎవరు చూసుకుంటున్నారని అడిగారు. మాల్యాద్రి ముందుకు వచ్చాడు. ఇటువంటి సేవాభావం గల యువకుణ్ణి తాత్కాలికంగా ఉంచడం దేశానికే అప్రతిష్ఠ, పర్మనెంటు చేయండని అధికారి గారు అక్కడికక్కడే ఆజ్ఞాపించారు.

ఉత్తరువు వారంలో చేతికి వచ్చింది. మఫ్లరు వల్ల మోత సంపూర్ణంగా అదుపులోకి వచ్చినందుకు బ్లాకు ఆఫీసుకు అభినందనలు. మాల్యాద్రి పోస్టు, డ్రమ్ము కోలుకునేంత వరకు, పర్మనెంటు.

డాక్టరు గారు ఇప్పటికీ నెలనెలా వచ్చి తోలు మీద వేలితో తట్టబోతారు. ఆయన వేలు ఎత్తే సమయానికి రాఘవమ్మ సరిగ్గా కాఫీ అందిస్తుంది. పుట్టింటికి రాసే కార్డులో మొదటి వాక్యం ఏనాడూ మార్చలేదు: మేమిద్దరం క్షేమం, డ్రమ్ముకు మాత్రం దేవుడి దయవల్ల ఇంకా నయం కాలేదు.